పిల్లల తిండి, పిల్లల పళ్ళు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాపకు రెండున్నరేళ్ళప్పుడు, ఒక పొద్దున పళ్ళు తోముతూ పైపెదవి కాస్త ఎత్తి చూశాను. ముందు పళ్ళ మీద, సరిగ్గా చిగురు అంచున, సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్లటి గీత కనిపించింది. రాత్రి తాగిన పాలు అంటుకున్నాయేమో అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. గోటితో మెల్లగా గీకాను. పోలేదు. అది పాలు కాదని, పన్ను పైపొరలోంచి ఖనిజం కరిగిపోవడం మొదలైన చోటని ఆ సాయంత్రం డెంటిస్టు చెప్పారు. రోజూ బ్రష్ చేయిస్తున్నాం, చాక్లెట్లు పెద్దగా ఇవ్వట్లేదు, మరి ఎందుకిలా అని అడిగితే, ఆవిడ బ్రష్ గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. "పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఎప్పుడెప్పుడు ఏం తింటుందో చెప్పండి" అన్నారు.

ఆ రోజు నుంచి ఈ విషయం వదలకుండా చదువుతున్నాను, డాక్టర్లను అడుగుతున్నాను. నన్ను తోటి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలూ, నేను తెలుసుకున్న జవాబులూ ఇవి. అయోమయం లేకుండా ముందే చెబుతాను, ఇక్కడ పళ్ళు అంటే నోట్లోవి, పండ్లు అంటే తినేవి.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా, అంత టెన్షన్ ఎందుకు?

ఊడిపోయేవే, కానీ వెంటనే కాదు. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడుతాయి. వెనకాల నమిలే పాలపళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మూడేళ్ళకే ఆ పన్ను పుచ్చితే, పిల్ల ఇంకో ఏడెనిమిదేళ్ళు దానితోనే నమలాలి. నొప్పి ఉన్న పిల్లలు గట్టి పదార్థాలు పక్కన పెట్టేసి మెత్తటివి, తియ్యటివి ఏరుకుంటారు. దాంతో ఉన్న పళ్ళు కూడా పాడవుతాయి. రాత్రిళ్ళు నిద్ర ఉండదు, చదువు మీద ధ్యాస నిలవదు.

ఇంకోటి, పాలపన్ను కింద రాబోయే శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది. పాలపన్ను వేరు దాకా చీము పడితే, కింద ఉన్న పన్ను పైపొర కూడా దెబ్బతినవచ్చు. ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పన్ను వంకరగా రావచ్చు.

ఇది ఏ కొద్దిమంది ఇళ్ళ సమస్యో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో సుమారు 51 కోట్ల 40 లక్షల మంది పిల్లలకు పాలపళ్ళు పుచ్చి ఉన్నాయి.

తీపి తింటే పళ్ళు ఎందుకు పుచ్చుతాయి? లోపల పురుగులు ఉంటాయా?

పురుగులు ఉండవు. "పళ్ళలో పురుగులు పడ్డాయి" అన్న మాట వేల ఏళ్ళ నాటిది. 1728లోనే ఫ్రెంచ్ దంతవైద్యుడు పియర్ ఫోషార్ ఆ నమ్మకాన్ని కొట్టిపారేశాడు. అసలు సంగతి 1890లో విల్లబీ మిల్లర్ వివరించాడు. బెర్లిన్‌లో పనిచేసిన ఈ అమెరికన్ శాస్త్రవేత్త, పీకేసిన పళ్ళను రొట్టె కలిపిన లాలాజలంలో ఉంచి, ఒంటి వేడికి సమానమైన వెచ్చదనంలో పెట్టి చూశాడు. పళ్ళ పైపొర కరిగింది. నోట్లోని సూక్ష్మజీవులు పిండిపదార్థాన్నీ చక్కెరనూ తిని యాసిడ్ వదులుతాయని, ఆ యాసిడే పన్నును కరిగిస్తుందని ఆయన చెప్పాడు.

పళ్ళ మీద ఏర్పడే మెత్తటి పాచిలో ఈ బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా ఉంటాయి. వాటిలో ఎక్కువగా వినిపించే పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. చక్కెర అందిన కొద్ది నిమిషాల్లోనే ఇవి లాక్టిక్ యాసిడ్ తయారుచేస్తాయి. యాసిడ్ ఎంత ఉందో చెప్పే కొలత పీహెచ్, అది ఎంత తగ్గితే యాసిడ్ అంత ఎక్కువ. పాచిలో పీహెచ్ సుమారు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్‌లోని, అంటే పన్ను పైపొరలోని, కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి పోవడం మొదలవుతుంది. ఒంట్లో అన్నింటికన్నా గట్టిది ఎనామెల్. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అయినా యాసిడ్ ముందు అది నిలవలేదు. పైగా పాలపళ్ళ మీద ఎనామెల్ శాశ్వత పళ్ళ మీద ఉన్నదానిలో సగం మందమే ఉంటుంది. పెద్దవాళ్ళలో ఏళ్ళు పట్టే పుచ్చు చిన్నపిల్లల్లో నెలల్లోనే లోపలికి వెళ్ళిపోవడానికి ఇదొక కారణం.

ఎంత తిన్నారన్నది ముఖ్యమా, ఎన్నిసార్లు తిన్నారన్నదా?

రెండూ ముఖ్యమే. కానీ ఎన్నిసార్లు అన్నది తల్లిదండ్రుల్లో చాలామందికి తట్టదు. నాకూ తట్టలేదు.

1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు మనుషుల చేత గ్లూకోజ్ నీళ్ళు పుక్కిలింపించి, పళ్ళ మీది పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచాడు. కొన్ని నిమిషాల్లోనే అది పడిపోయింది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట దాకా పట్టింది. ఆ యాసిడ్‌ను విరిచేది, పోయిన ఖనిజాన్ని తిరిగి పన్నుకు అందించేది మన లాలాజలమే. అంటే పన్ను రోజంతా కరుగుతూ, మళ్ళీ పూడుతూ ఉంటుంది. పూడటానికి సమయం దొరికితే బాగుంటుంది, దొరక్కపోతే గుంట పడుతుంది.

ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని ఊహించండి. ఒకరు నాలుగు టాఫీలు భోజనం అవ్వగానే ఒకేసారి తిన్నారు. ఇంకొకరు అవే నాలుగు టాఫీలు గంటకొకటి చొప్పున తిన్నారు. ఇద్దరి కడుపులోకీ వెళ్ళిన చక్కెర ఒకటే. మొదటి పిల్ల పళ్ళ మీద యాసిడ్ ఒకసారి లేచి దిగింది. రెండో పిల్ల పళ్ళ మీద అది నాలుగుసార్లు లేచింది, మధ్యలో పన్ను పూడటానికి సమయమే దొరకలేదు.

దీన్ని మనుషుల మీదే నిరూపించిన ఒక పరిశోధన ఉంది. దాని గురించి రాయాలంటే బాధగా ఉంటుంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో, విపెహోల్మ్ ఆసుపత్రిలో, 1945 తర్వాత కొన్నేళ్ళపాటు మానసిక వైకల్యం ఉన్న రోగుల మీద చేశారు. కొందరికి చక్కెర భోజనంతో పాటే ఇచ్చారు. కొందరికి భోజనాల మధ్య, పళ్ళకు అంటుకునేలా ప్రత్యేకంగా చేసిన టాఫీలు ఇచ్చారు. భోజనంతో తీసుకున్నవాళ్ళలో పుచ్చు కొద్దిగానే పెరిగింది. మధ్యమధ్యలో టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు దారుణంగా పాడయ్యాయి. టాఫీలు ఆపాక కొత్త పుచ్చులు తగ్గాయి. కాదనలేని నిస్సహాయుల నోళ్ళు పాడుచేసి సంపాదించిన జ్ఞానం ఇది. అలాంటి పరిశోధన ఈ రోజు ఎవరూ చేయకూడదు. అంత మూల్యం చెల్లించి తెలిసినదాన్ని పట్టించుకోకపోవడం మాత్రం ఇంకా పెద్ద తప్పు.

మా ఇంటి సంగతికి వస్తే, డెంటిస్టు చెప్పినట్టు ఒక రోజంతా ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, పాప నోట్లోకి నీళ్ళు కానిది ఏది వెళ్ళినా టైమ్ రాశాను. ఆరున్నరకు పాలు, ఏడుంబావుకు బిస్కెట్టు, ఎనిమిదికి టిఫిన్, తొమ్మిదిన్నరకు సిప్పర్‌లో జ్యూస్, అదే జ్యూస్ పదికి, పదీ ఇరవైకి, పదకొండుకు... రాత్రి నిద్రలో పాలసీసాతో కలిపి పదిహేడు గీతలు. ఒక్కోసారి తిన్నది గుప్పెడు కూడా లేదు. కానీ ఆ చిన్న పళ్ళకు రోజు మొత్తంలో ఊపిరి తీసుకునే సమయమే లేదు.

అందుకని నా సలహా ఇదే. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ప్రతి దానికీ మధ్య కనీసం రెండు గంటలు నీళ్ళు తప్ప మరేమీ వద్దు. మీరూ ఒక్కరోజు కాగితం అంటించి చూడండి.

రోజుకు ఎంత చక్కెర వరకు పరవాలేదు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో పైనుంచి కలిపిన చక్కెరల వాటా 10 శాతం లోపు ఉండాలి. 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. తేనె, సిరప్‌లు, పండ్ల రసాల్లోని చక్కెర కూడా ఇందులోకే వస్తుంది. పండును పండుగా తిన్నప్పుడు, పాలు తాగినప్పుడు వచ్చే చక్కెర ఈ లెక్కలోకి రాదు.

రోజుకు సుమారు 1,200 కేలరీలు తినే పిల్లకు 10 శాతం అంటే 30 గ్రాములు, 5 శాతం అంటే 15 గ్రాములు. టీస్పూన్‌కు 4 గ్రాముల చొప్పున చూస్తే నాలుగు స్పూన్లు కూడా కాదు. ఒక 330 మిల్లీలీటర్ల కోలా క్యాన్‌లో దాదాపు 35 గ్రాములు ఉంటుంది. ఒక్క క్యాన్‌తోనే ఆ రోజు కోటా దాటిపోయింది.

ప్యాకెట్ వెనక చదివేటప్పుడు "షుగర్" అన్న మాట ఒక్కటే వెతకకండి. గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, చిక్కబరిచిన పండ్ల రసం (ఫ్రూట్ జ్యూస్ కాన్సన్‌ట్రేట్) అని రకరకాల పేర్లతో ఉంటుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ నాలుకకు పెద్దగా తియ్యగా ఉండదు, కానీ బ్యాక్టీరియాకు బాగానే పనికొస్తుంది. పదార్థాల పట్టికలో సాధారణంగా బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు. మొదటి మూడింటిలో ఇలాంటి పేరు ఉంటే ఆ ప్యాకెట్ మిఠాయి కిందే లెక్క.

చాక్లెట్లు మానేశాం, బిస్కెట్లు, చిప్స్ మాత్రమే ఇస్తున్నాం. ఇది మంచిదే కదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. నోట్లో ఎంతసేపు ఉంటుందన్నది చూడాలి. చాక్లెట్ కరిగి లాలాజలంతో కాస్త త్వరగానే వెళ్ళిపోతుంది. బిస్కెట్లు, క్రాకర్లు, చిప్స్ నమిలాక మెత్తటి ముద్దలా మారి దవడ పళ్ళ గాడుల్లో ఇరుక్కుంటాయి. ఏది ఎక్కువసేపు పళ్ళకు పట్టుకుని ఉంటుందో కొలిచి చూసిన పరిశోధనల్లో, జిగురుగా అనిపించే క్యారమెల్ కన్నా క్రాకర్ల లాంటివే ఎక్కువసేపు మిగిలాయి. బాగా వండి, వేయించిన పిండిపదార్థాన్ని లాలాజలంలోని ఎంజైమ్ అక్కడికక్కడే చక్కెరగా విడగొడుతుంది. బ్యాక్టీరియాకు కావలసింది అదే.

ఒక బిస్కెట్టు తిన్న పావుగంటకు మీ పిల్లల దవడ పళ్ళ మీద టార్చ్ వేసి చూడండి. గాడుల్లో గోధుమరంగు పేస్ట్ కనిపిస్తుంది. నేను చూశాకే నమ్మాను.

అన్నింటికన్నా హాని చేసేవి చప్పరించే గట్టి మిఠాయిలు, లాలీపాప్‌లు. ఒక్కోటి పావుగంట పైనే నోట్లో చక్కెర వదులుతూనే ఉంటుంది.

పండ్లు కూడా తియ్యగానే ఉంటాయిగా? జ్యూస్ ఇవ్వొచ్చా?

పండు నిరభ్యంతరంగా ఇవ్వండి. అందులోని చక్కెర, పండు కణాల గోడల లోపల ఉంటుంది, నమలాలి, నమిలితే లాలాజలం ఊరుతుంది, పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది. అదే పండును పిండి రసం తీస్తే గోడలు పగిలి చక్కెర బయటపడుతుంది. నమిలే పనే లేదు. ఒక్క ఆపిల్ తిని ఆగే పిల్ల మూడు ఆపిల్స్ రసం ఒక్క గుక్కలో తాగేస్తుంది. ఇంట్లో తీసినదైనా, చక్కెర కలపకపోయినా, పంటికి తేడా తెలియదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లో చెప్పిన ప్రకారం, ఏడాది నిండేదాకా జ్యూస్ అసలు వద్దు. ఏడాది నుంచి మూడేళ్ళ వరకు రోజుకు 120 మిల్లీలీటర్లు, నాలుగు నుంచి ఆరేళ్ళ వరకు 120 నుంచి 180 మిల్లీలీటర్లు దాటకూడదు. అది కూడా భోజనంతో పాటు, మామూలు గ్లాసులో ఇవ్వాలి. పాలసీసాలోనో, చేతిలో పట్టుకుని తిరిగే సిప్పర్‌లోనో పోసి ఇవ్వకూడదు.

ఎండు ద్రాక్ష, ఖర్జూరం లాంటి ఎండబెట్టిన పండ్లలో పోషకాలు ఉన్నా, చక్కెర గాఢంగా ఉంటుంది, జిగురుగా కూడా ఉంటాయి. భోజనంతో పెట్టండి, జేబులో పోసి పంపకండి.

చక్కెర బదులు తేనె, బ్రౌన్ షుగర్ వాడితే?

పళ్ళకు ఏ తేడా లేదు. బ్యాక్టీరియాకు రంగుతో పనిలేదు. తేనెలో ముంచిన పాసిఫైయర్ చంటిపిల్లల నోట్లో పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. ఏడాది నిండని పిల్లలకు తేనె బొట్టు కూడా వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

రాత్రి పాలు తాగుతూ నిద్రపోతాడు. మానిపించాలా? తల్లిపాల సంగతేంటి?

సీసా పాలైతే, పళ్ళు వచ్చాక, మానిపించాలి. పగటిపూట తాగే పాల వల్ల పళ్ళకు మేలే. కానీ నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. సీసా నోట్లో ఉండగానే నిద్రపోతే పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది ముందు పళ్ళకు నాలుక అడ్డు ఉంటుంది కాబట్టి అవి బాగానే ఉంటాయి. పైవి పాడై, కిందవి బాగున్నాయంటే డాక్టర్లకు మొదట వచ్చే అనుమానం రాత్రి సీసా మీదే. అందులో చక్కెర కలిపితే, జ్యూస్ పోస్తే, ఇక చెప్పక్కర్లేదు.

మేం ఒక్కసారిగా ఆపలేదు. వారం వారం పాలు తగ్గించి నీళ్ళు పెంచుతూ వచ్చాం. మూడో వారానికి సీసాలో నీళ్ళే మిగిలాయి. నాలుగు రాత్రులు ఏడ్చింది, ఐదో రాత్రి సీసా అడగలేదు. ఏడాది దాటిన పిల్లల్ని గ్లాసుకు అలవాటు చేస్తే ఈ తిప్పలు రావు.

తల్లిపాల విషయంలో తల్లుల్ని భయపెట్టడం నాకు నచ్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళు, ఆ పైనా ఇవ్వమంటోంది. తల్లిపాలు తాగే పిల్లల పళ్ళు పాడవవు అని కాదు. ఏడాది దాటాక రాత్రంతా మాటిమాటికీ తాగే పిల్లల్లో, పగలు తీపి కూడా తింటుంటే, పుచ్చే అవకాశం పెరుగుతుంది. పాలు మాన్పించక్కర్లేదు. పడుకునే ముందు పళ్ళు తోమండి, పగలు చక్కెర తగ్గించండి.

అన్నం ముద్ద బుగ్గలో పెట్టుకుని అరగంట కూర్చుంటుంది. పళ్ళకు ఏమైనా అవుతుందా?

అవుతుంది. తీపి లేకపోయినా, ఆ ముద్ద అక్కడే చక్కెరగా మారుతూ ఉంటుంది. ఏ బుగ్గలో పెట్టుకుంటుందో ఆ వైపు పళ్ళే ముందు పాడవుతాయి. తిట్టకండి, భయపెట్టకండి, ఫోన్ చూపిస్తూ తినిపించకండి. ఫోన్ చూస్తున్న పిల్లకు నోట్లో ముద్ద ఉందన్న సంగతే గుర్తుండదు. చిన్న ముద్దలు పెట్టండి, అరగంటలో భోజనం ముగించండి, మిగిలింది తీసేయండి, కాసిని నీళ్ళు తాగించండి.

షుగర్ లేని కూల్‌డ్రింకులు పరవాలేదా?

పుచ్చు రాకపోవచ్చు, కానీ ఎనామెల్ అరుగుతుంది. ఇక్కడ బ్యాక్టీరియాతో పనిలేదు, డ్రింకులోనే యాసిడ్ ఉంది. కోలా పీహెచ్ దాదాపు 2.5. తాగితే భోజనంతోనే తాగాలి, పుక్కిట పట్టుకుని ఆడకూడదు. రోజూ తాగేందుకు నీళ్ళు, పాలు చాలు.

పళ్ళకు మేలు చేసే తిండి ఏది?

చీజ్‌కు ఇందులో మంచి పేరుంది. భోజనం చివర చిన్న ముక్క నమిలితే లాలాజలం ఊరుతుంది, పీహెచ్ పైకి లేస్తుంది, కాల్షియం, ఫాస్ఫేట్ అక్కడికక్కడే అందుతాయి. చక్కెర కలపని పాలు, పెరుగు, గుడ్లు, కూరగాయలు, గింజలు అన్నీ మంచివే. ఐదేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, బాదం లాంటివి గింజగా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పొడి చేసో, పేస్ట్ లాగానో పెట్టండి. క్యారెట్ నమిలితే బ్రష్ చేసినట్టే అంటారు. అది నిజం కాదు, పాచి అలా పోదు. లాలాజలం ఊరుతుంది, ఆ మేలు ఉంది.

నమలడం, ఉమ్మేయడం తెలిసిన పెద్దపిల్లలకు జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ పనికొస్తుంది. జైలిటాల్ తియ్యగా ఉన్నా బ్యాక్టీరియా దాన్నుంచి యాసిడ్ చేయలేదు. 1970లలో ఫిన్లాండ్‌లోని టుర్కులో జరిగిన పరిశోధనలతో ఇది వెలుగులోకి వచ్చింది. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం జాగ్రత్త, జైలిటాల్ కుక్కలకు విషం.

కాల్షియం మందులు వాడితే పుచ్చిన పన్ను మళ్ళీ బాగవుతుందా?

కాదు. ఎనామెల్ తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. గుంట పడ్డాక ఏ మాత్రా దాన్ని పూడ్చలేదు. కానీ పన్ను చిగురు లోపల తయారయ్యే కాలంలో కాల్షియం, విటమిన్ డి చాలా ముఖ్యం. పాలపళ్ళు తల్లి కడుపులో ఉండగానే గట్టిపడటం మొదలవుతుంది. కాబట్టి గర్భిణి భోజనం బిడ్డ పళ్ళ భోజనం కూడా. విటమిన్ డి బాగా తక్కువైన పిల్లల్లో ఎనామెల్ పలచగా, గరుకుగా రావచ్చు. తక్కువుందో లేదో డాక్టరు చెబితేనే మందులు వాడండి.

మా వంశంలోనే పళ్ళు మంచివి కావు. తిండి మారిస్తే ఏం లాభం?

ఎనామెల్ బలహీనంగా పుట్టే పిల్లలు నిజంగానే ఉంటారు. వాళ్ళకు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కానీ చాలా ఇళ్ళలో తరతరాలుగా వచ్చేది పన్ను కాదు, వంటింటి అలవాటు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చక్కెర దొరక్క, జపాన్‌లో, నార్వేలో పిల్లల పుచ్చుపళ్ళు బాగా తగ్గాయి. వంశాలు అవే, పళ్ళెంలోది మారింది. బ్యాక్టీరియా కూడా ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచే పిల్లలకు అంటుతుంది. మీ నోట్లో పుచ్చుపళ్ళుంటే ముందు మీరు చూపించుకోండి.

మందుల సిరప్‌లలో చక్కెర ఉంటుందా?

చాలావాటిలో ఉంటుంది. ఆస్తమా, ఫిట్స్ లాంటి వాటికి నెలల తరబడి వాడే పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. షుగర్ లేనిది ఉందా అని డాక్టర్ని అడగండి. రాత్రి బ్రష్ చేశాక కాకుండా ముందే వేయండి. మందు మాత్రం మానకండి.

తినగానే బ్రష్ చేయించాలా?

పుల్లటివి తిన్నా, తాగినా అరగంట, వీలైతే గంట ఆగండి. యాసిడ్‌తో మెత్తబడిన ఎనామెల్ మీద వెంటనే రుద్దితే అరుగుతుంది. అప్పటికి నీళ్ళు పుక్కిలిస్తే చాలు. రాత్రి బ్రష్ తర్వాత నీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి వెళ్ళకూడదు, ఇందులో రాజీ వద్దు.

పోయిన ఖనిజం తిరిగి పన్నులోకి చేరడానికి సాయపడే ఫ్లోరైడ్ కనీసం 1,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) ఉన్న పేస్ట్ వాడండి. మూడేళ్ళ వరకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠానీ గింజంత. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట డెంటిస్టును అడిగి వాడండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా బ్రష్ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

మిఠాయిలు పూర్తిగా మానిపించాలా? అమ్మమ్మలు, నానమ్మలు వింటారా?

పూర్తిగా మానిపించడం చాలా ఇళ్ళలో కుదరదు. నిషేధించినదాని మీదే పిల్లల మనసు లాగుతుంది. తినేదేదో భోజనం అవ్వగానే తిననివ్వండి. ఆ సమయంలో లాలాజలం ఎలాగూ బాగా ఊరుతూ ఉంటుంది. వారంలో ఒక రోజు పెట్టుకుంటే ఇంకా మంచిది.

మా అత్తయ్యగారితో నేను గొడవ పెట్టుకోలేదు. ఆ కాగితం చూపించి, పదిహేడు గీతలూ ఆవిడ చేతే లెక్కపెట్టించాను. తర్వాత పాప బిస్కెట్టు అడిగితే "అన్నం తిన్నాక ఇస్తానమ్మా" అనడం మొదలుపెట్టింది ఆవిడే. బహుమతిగా మిఠాయి, ఏడుపు ఆపడానికి మిఠాయి, ఈ రెండు అలవాట్లు మానితే సగం సమస్య తీరుతుంది.

ఇప్పటికే తెల్లమచ్చలు వచ్చేశాయి. ఏం చేయాలి?

ఆలస్యం చేయకుండా డెంటిస్టుకు చూపించండి. అసలు మొదటి పుట్టినరోజు లోపే ఒకసారి చూపించాలి. తెల్లమచ్చ దశలో ఇంకా గుంట పడలేదు. చక్కెర అందే సార్లు తగ్గి, ఫ్లోరైడ్ అందితే లాలాజలంలోని ఖనిజం మళ్ళీ పన్నులోకి చేరుతుంది. మచ్చ గోధుమరంగులోకి మారి, గరుకుగా తగిలితే ఆ అవకాశం చేజారుతున్నట్టే. గుంట పడ్డ పాలపళ్ళలో కూడా పుచ్చును ముందుకు పోకుండా ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ లాంటి మందులున్నాయి. అది పూసిన చోట పన్ను నల్లబడుతుంది, కానీ డ్రిల్ అవసరం ఉండదు.

మా పాపకు మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ పూత, వేశారు. జ్యూస్ ఆపేశాం, రాత్రి సీసా ఆపేశాం, పదిహేడు గీతలు ఐదయ్యాయి. ఒక పంటికి మాత్రం ఆలస్యమైంది, ఫిల్లింగ్ పడింది. మిగతా వాటి మీద సుద్దలా ఉన్న గీత ఏడాది తిరిగేసరికి గట్టిపడి మెరుపు తేలింది. వెలుతురులో చూస్తే దాని జాడ ఇప్పటికీ లీలగా తెలుస్తుంది. ఇప్పుడు ఆదివారం పొద్దున కిటికీ దగ్గరికి తనే వచ్చి, రెండు వేళ్ళతో పైపెదవి ఎత్తి పట్టుకుని నిలబడుతుంది.